తోలు కప్పిన దూడ

తాండూరులో ఒకరు తుమ్మితే మూడో వీధిలో ఇంకొకరు చిరంజీవ అంటారు. చిన్న ఊళ్ల సుఖం అదే, చావూ అదే. అలాంటి ఊళ్లో మొగుడి చేతి దెబ్బలు దాచుకోవడం ఎవరి తరమూ కాదు. అమల దాచుకోనూ లేదు. అందరికీ తెలుసు. తెలిసి ఏం చేశారయ్యా అంటే, పెద్దమనుషులు కూర్చుని, చాయలు తాగి, సర్దుకుపొమ్మని చెప్పి మళ్లీ ఆ ఇంటికే సాగనంపారు. ఆమె మొగుడు జగదీశ్వర్‌కు నాపరాళ్ల వ్యాపారం ఉంది. నాపరాళ్ల వ్యాపారం ఉన్నవాడు ఆ ఊళ్లో సర్దుకుపోవాల్సిన పనిలేదు.

ఒకసారి తాళం కప్ప విసిరితే అమల గడ్డం చీలి మచ్చ పడింది. ఆమెను ఊరు విడిపించింది ఆ దెబ్బ కాదు. ఒక పొద్దున అన్నం తింటూ అతను పాత గనుల సంగతి ఎత్తాడు. వాటిలో నీళ్లు నిండి ఉన్నాయనీ, అందులో పడ్డది ఏదీ పైకి తేలదనీ చెప్పాడు. అరిచి చెప్పి ఉంటే మరో ఏడాది ఓర్చుకునేదేమో. పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పాడు.

మర్నాడు అతను లారీ లోడుతో వెళ్లిన వెంటనే అమల తల్లి అనంతమ్మ వచ్చింది. కూతురి బట్టలు రెండు జతలు సంచిలో కుక్కింది. పైన ఒక స్టీలు చెంబు పెట్టింది. పెళ్లికి తానే కొనిచ్చిన చెంబు అది, దాని మీద ‘అమల, తాండూరు’ అని పేరు కొట్టి ఉంది. రైల్వేస్టేషన్‌లో ఆమె కూతురి చెయ్యి పట్టుకుని చెప్పింది ఒక్కటే మాట.

“యాడికి పోతవో నాకు చెప్పకు బిడ్డా. తెలిస్తే నాతోని చెప్పిస్తడు. ఫోను గిట్ల చెయ్యకు. యాడున్నా బతికుండు, గంతే.”

బతికుంటే బలుసాకైనా తినొచ్చన్నారు పెద్దలు. అమల హైదరాబాదు రైలెక్కింది. మధ్యలో లోకల్ రైలు మారింది. ఎక్కడ దిగాలో తెలియక, రైలు ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా కూర్చుంది. ఆ రైలు ఫలక్‌నుమాలో ఆగిపోయింది. అందరూ దిగి ఎవరి దారిన వాళ్లు పోయారు. మిట్టమధ్యాహ్నం, ప్లాట్‌ఫారం మీద సంచి పట్టుకుని నిలబడి, ఇన్ని లక్షల మంది ఉన్న ఊళ్లో నన్నెవడు వెతుకుతాడులే అని ఆమె మొదటిసారి గుండె నిండా ఊపిరి తీసుకుంది.

అప్పుడే బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ లేచి దగ్గరికి వచ్చింది. నల్లంచు చీర, ముంజేతులకు పచ్చబొట్లు, ఒంటి నుంచి పాలవాసన.

“వచ్చినవా బిడ్డా? పా, ఇంటికి పోదాం” అంది.

అమల వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు. మీరు నన్ను చూసి ఇంకెవరో అనుకుంటున్నారని మెల్లగా చెప్పింది. ఆవిడ తలూపింది. “నువ్వు అది కాదని నాకు తెలుసు. అయినా పా.”

వెళ్లకుండా ఉండాల్సిందని మీకూ నాకూ ఇప్పుడు అనిపిస్తుంది. పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తాగని పిల్లకు అనిపించలేదు.

ఆవిడ పేరు శారదమ్మ. పురానాపూల్ దగ్గర, మూసీకి రెండు సందుల ఇవతల, తాతల నాటి బర్రెల కొట్టం వాళ్లది. ముందు ఇల్లు, వెనక కొట్టం, మధ్యలో కుడితి తొట్టి. మొగుడు మైసయ్య మాట తక్కువ మనిషి. ఆ మనిషే మొదటి వారంలో అమలకు అసలు సంగతి చెప్పాడు. వాళ్లకు పూజిత అని ఒక్కతే కూతురు. ఫలక్‌నుమాలో బట్టలు కుట్టే కార్ఖానాకు పోయి వస్తుండేది. ఆ పెద్ద వానల ఏడాది, పనికి పోయిన పిల్ల వరదలో కొట్టుకుపోయింది. శవం దొరకలేదు. శవం దొరకలేదు గనుక శారదమ్మ కర్మ చేయనివ్వలేదు. వీలైనప్పుడల్లా ఆ స్టేషన్‌కు పోయి కూర్చుంటుంది.

“అది నిన్నేమన్న అంటే మనసుల పెట్టుకోకు బిడ్డా” అన్నాడు మైసయ్య. “ఇన్నేండ్లకు కడుపునిండ తింటున్నది. నాకు గదే చాలు.”

అమలకు ఆ ఇంట్లో లోటు లేదు. వెచ్చటి అన్నం, గడ్డపెరుగు, తలుపుకు లోపలి గడియ. గడియ లోపలివైపు ఉండటం ఎంత పెద్ద సంపదో ఆమెకే తెలుసు. తన కథంతా శారదమ్మకు చెప్పుకుని ఏడ్చింది. శారదమ్మ విని, కళ్లు తుడిచి, ఇనుప పెట్టె తెరిచింది. అందులో పూజిత బట్టలు ఉన్నాయి. ఉతికి మడిచినవి కావు. విడిచినవి విడిచినట్టే, చెమట మరకతో, కొబ్బరినూనె వాసనతో ఉన్నాయి. వాటినే అమలకు కట్టుకోమని ఇచ్చింది. ఉతుక్కుని కట్టుకుంటానంటే వద్దంది. జాకెట్టు వేసుకుంటే కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

మర్నాడు శారదమ్మ గల్లీలో ఆడవాళ్లను పిలిచి చెప్పింది. ఈ పిల్లకు ప్రాణభయం ఉంది, ఎవరొచ్చి అడిగినా ఇది మా పూజితే అనాలి అని. ఎదురింటి మాణిక్యమ్మ ఒప్పుకోలేదు. ఆమె ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, ఆదివారం చర్చి తప్పదు, నిజం తప్ప ఇంకేం చెప్పినా నాలుక మండుతుందనే రకం. పోయిన పిల్ల పేరుతో ఆటలొద్దని శారదమ్మను గట్టిగానే హెచ్చరించింది. చివరికి అమల గడ్డం మీది మచ్చ చూసి మెత్తబడింది. ఒక ఆడపిల్ల ప్రాణం కోసం చెప్పే అబద్ధాన్ని దేవుడు లెక్కలో వేయడులే అనుకుంది.

అట్లా గల్లీ మొత్తం ఒక అబద్ధం మీద నిలబడింది. పాలు పోయించుకునేవాళ్లు, ఇస్త్రీ బండివాడు, మూలమీది కిరాణా ఖాన్ సాబ్, అందరూ ‘పూజితా’ అనే పిలిచారు. మొదట్లో పిలిచి కన్నుగీటేవాళ్లు. కొన్నాళ్లకు కన్నుగీటడం మానేశారు. అమలకు అది బాగానే అనిపించింది. ఆ పేరు ఒక దుప్పటి, కప్పుకుంటే చలి వేయదు. అంతకు మించి ఆలోచించలేదు.

ఆలోచించాల్సిన చిన్న చిన్న సంగతులు లేకపోలేదు. ఆ ఇంట్లో వంటగది లైటు స్విచ్చి బీరువా వెనక ఉంటుంది, కొత్తవాళ్లకు చచ్చినా దొరకదు. వచ్చిన మొదటి సాయంత్రమే అమల చెయ్యి నేరుగా దాని మీదికి పోయింది. కొట్టంలో కొమ్ము విరిగిన ముసలి బర్రె ఎవరినీ దగ్గరికి రానివ్వదు. అది ఆమె అరచెయ్యి నాకింది. శారదమ్మ ఇవి చూసేది గాని పైకి ఏమీ అనేది కాదు. రోజూ సాయంత్రం ఆమె తలకు నూనె పెట్టి, జడ వేసి, చివరికి మాడు మీద ముక్కు ఆనించి వాసన చూసేది. చూసి, ఇంకా కొంచెం ఉంది అన్నట్టు తల అడ్డంగా ఊపేది.

ఆ రోజుల్లోనే కొట్టంలో ఒక బర్రె దూడ చచ్చిపోయింది. దూడ లేని బర్రె చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు. పాలవాళ్లకు ఇది పాత తంటా. చచ్చిన దూడ తోలు ఒలిచి, గడ్డి కూరి, బొమ్మ చేసి బర్రె ముందు నిలబెట్టేవాళ్లు చాలామంది. మైసయ్య ఇంటి పద్ధతి వేరు. ఆయన ఆ తోలుకు ఉప్పు రాసి ఎండబెట్టి, ఇంకో దూడకు తొడిగాడు. ఆ దూడ తల్లి కూడా కొట్టంలోనే ఉంది, కాకపోతే దానికి పాలు ఎండిపోయాయి. దూడ ఆకలితో అల్లాడుతోంది. తోలు వీపు మీద కప్పి, పొట్ట కింద తాడుతో కట్టి, దూడ పోయిన బర్రె దగ్గరికి తోశాడు. బర్రె మూతి చాచి, తోక దగ్గరి నుంచి మెడ దాకా వాసన చూసి, నాకింది. పొదుగులో పాలు దిగాయి.

చూస్తున్న అమలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లికి బిడ్డ దొరికింది, బిడ్డకు పాలు దొరికాయి, ఇందులో ఎవరికి నష్టం అనుకుంది.

ఒకనాడు ఆమె తన సంచి కోసం వెతికితే కనిపించలేదు. తాండూరు నుంచి తెచ్చుకున్న బట్టలు లేవు, చెంబు లేదు. శారదమ్మను అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. అన్నీ మూటగట్టి, పసుపు కుంకుమ వేసి, పాత పూల్ కింద మూసీలో విడిచిపెట్టి వచ్చిందట.

“అవి ఇంట్ల ఉన్నన్ని దినాలు ఆ వాసన పోదు బిడ్డా. పోవాలె” అంది.

అమలకు కోపం వచ్చింది. బట్టలు పోతే పోయాయి, చెంబు అమ్మ ఇచ్చింది. అది తలుచుకుని గదిలోకి పోయి ఏడ్చింది. శారదమ్మ గడప బయటే కూర్చుని, ఆమె ఏడుపు ఆగేదాకా ఓపిగ్గా ఎదురుచూసి, తర్వాత అన్నం కలిపి నోట్లో పెట్టింది. అన్నం పెట్టే చేతి మీద ఎంతసేపని కోపం నిలుస్తుంది?

మూట మునగలేదు. నది ఒడ్డున చెత్త ఏరుకునేవాళ్లకు దొరికింది. చెంబు మీద పేరూ ఊరూ ఉన్నాయి గనుక ఎవరో ఫొటో తీసి ఫోన్లో పెట్టారు. ఈ రోజుల్లో మనిషికన్నా ఫొటో ముందు ఇల్లు చేరుతుంది. అది తిరిగి తిరిగి తాండూరు చేరింది. కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం, అమల కొట్టంలోంచి పేడ తట్ట ఎత్తుకుని వస్తుంటే, గుమ్మంలో జగదీశ్వర్ నిలబడి ఉన్నాడు.

తట్ట నెత్తిమీద అట్లాగే ఉంది. అతను ఫోన్లో ఆమె ఫొటో మైసయ్యకు చూపిస్తున్నాడు. నది ఒడ్డున తన భార్య బట్టలు దొరికాయని, ఈ చుట్టుపక్కల ఎవరైనా ఆమెను చూశారా అని మర్యాదగా అడుగుతున్నాడు. అడుగుతూ తల తిప్పి అమలను చూశాడు. చూపు ముఖం మీంచి గడ్డం మీది మచ్చకు దిగి అక్కడే ఆగింది. అతని చేత్తో వేసిన మచ్చ అది.

మాణిక్యమ్మ ఎదురింటి మెట్ల మీంచి లేచి వచ్చింది. “ఏం చూస్తున్నవు నాయనా? గా పిల్ల నా చేతుల మీద పుట్టింది. చిన్నప్పుడు కుడితి తొట్టి మీద పడి గదవ పలిగింది. ఆడపిల్లను గట్ల చూడొచ్చా?”

అబద్ధమాడినా అతికినట్టుండాలి. అది అతికింది. చుట్టూ చేరిన నలుగురూ ఔనంటే ఔనన్నారు. జగదీశ్వర్ ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూశాడు, అమల ముఖం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. ఆరేళ్లు ఆమెతో కాపురం చేసిన మనిషి. చివరికి ఫోను జేబులో పెట్టుకుని, “మాఫ్ చెయ్యి చెల్లె” అని వెళ్లిపోయాడు.

చెల్లె అన్నాడు. అమల తట్ట దించి, కొట్టంలో కూలబడి, నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుంది. ఇన్నేళ్లలో అంత నవ్వు నవ్వలేదు. గెలిచానని అనిపించింది. సాయంత్రం మాణిక్యమ్మ దగ్గరికి పోయి, అత్తా, ఎంత బాగా చెప్పావు అబద్ధం, అని చేతులు పట్టుకుంది.

మాణిక్యమ్మ ఆమె వంక వింతగా చూసింది. “అబద్ధమేంది? పడ్డవు కదా. నెత్తురు ఆగకపోతే పసుపు అద్దింది నేనే.”

వేళాకోళమేమోనని అమల కాసేపు చూసింది. మాణిక్యమ్మ వేళాకోళమాడే మనిషి కాదు. నిజం తప్ప చెప్పదని చెప్పాను కదా. అమల నవ్వు అక్కడ ఆగిపోయింది.

తిరిగి వచ్చేసరికి మైసయ్య దూడ వీపు మీది తోలు విప్పుతున్నాడు. ఇక అక్కర్లేదట, ఆ బర్రె దానికి అలవాటు పడిపోయిందట. తోలు విప్పగానే దూడ ఒళ్లు దులుపుకుని, అవతలి మూలన కట్టేసి ఉన్న తన కన్నతల్లి దగ్గరికి పరుగెత్తింది. పొదుగు దగ్గర మూతి పెట్టబోయింది. కన్నతల్లి వంగి వాసన చూసింది. వెనక్కి జరిగి, తల దించి, కొమ్ములతో దాన్ని ఎత్తి అవతల పడేసింది. దూడ లేచి మళ్లీ పోయింది. మళ్లీ కుమ్మింది.

“బాపూ, అది దాని బిడ్డనే కదా” అంది అమల.

“కడుపున పుట్టిందే. అయితే ఏంది? ఇంకో తల్లి వాసన పట్టినంక కన్నది కూడ దగ్గరికి రానియ్యదు.”

“మల్ల ఎన్నడన్న కలుస్తయా?”

మైసయ్య తోలు మడత పెట్టాడు. “నాకు తెలిసి కలిసినయి లేవు.”

ఆ సాయంత్రం అమలకు భయం వేసింది. మొగుడి భయం ఆమెకు పాతదే. ఇది వేరు, దీనికి పారిపోయే దారి లేదు. అమ్మ వద్దన్నా సరే, ఒక్కసారి ఆమె గొంతు వినాలనిపించి, కిరాణా కొట్టులో ఫోను అడిగింది. అమ్మ నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పేది ఒకప్పుడు. ఇప్పుడు మొదటి అంకెలు వచ్చాయి, చివరివి రాలేదు. వేళ్లకు తోచినవి నొక్కింది. ఆ గల్లీలోనే ఎక్కడో ఫోను మోగుతున్న చప్పుడు వినిపించింది. శారదమ్మ ఇంట్లోంచి. తీసి, “చెప్పు బిడ్డా” అంది శారదమ్మ. ఆ నంబరు అమలకు ఎవరూ చెప్పలేదు.

అయినా బతుకు ఆగదు కదా. మైసయ్య పాలుపోసే ఇళ్లలో అమరనాథ్ సేఠ్ ఇల్లు ఒకటి. ఆయనకు బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది, పేర్లు కొట్టే మిషను దగ్గర కూర్చోవడానికి మనిషి కావాలన్నాడు. అమల పనికి కుదిరింది. తెలుగువాడికి గిన్నె మీద పేరు లేకపోతే ఆ గిన్నె తనది కాదు. పెళ్లికిచ్చినా, గృహప్రవేశానికిచ్చినా, మనిషి పోయాక సంవత్సరికంలో పంచినా పేరు కొట్టించాల్సిందే. బతికున్నవాళ్ల పేరు ఉత్తగా ఉంటుంది, పోయినవాళ్ల పేరుకు ముందు కీర్తిశేషులు అని చేరుతుంది. గర్రుమనే ఆ చిన్న మిషను పట్టుకుంటే వేళ్లు జిల్లుమంటాయి. ఊళ్లో చదువుకునే రోజుల్లో అమల రాత కోడి కెలికినట్టుండేదని తల్లి వెక్కిరించేది. ఇక్కడ స్టీలు మీద అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా పడ్డాయి. సేఠ్ మురిసిపోయాడు. శారదమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు, పూజిత రాత ఎప్పుడూ అంతే అంది.

చలికాలం పోయి ఎండలు ముదురుతుండగా, ఒక పొద్దున దుకాణం ముందు ఆటో ఆగింది. ముందు జగదీశ్వర్ దిగాడు. వెనక నుంచి, అతని చెయ్యి అందుకోకుండా, అనంతమ్మ దిగింది.

అమ్మ చిక్కిపోయింది. కళ్ల ఆపరేషన్ అయినట్టుంది, ఎప్పుడూ చిట్లించుకునే కళ్లు ఇప్పుడు తేటగా ఉన్నాయి. అమల చేతిలో మిషను ఆగిపోయింది. కొంగు ముఖం మీదికి ముసుగులా లాక్కుంది. జగదీశ్వర్ సేఠ్‌తో బేరం మొదలుపెట్టాడు. మూసీలో పడి పోయిన భార్య సంవత్సరికమట, ఊళ్లో అందరికీ పళ్లేలు పంచాలట. ఊళ్లో నోళ్లు మూయించడానికి పళ్లేలకు మించింది లేదు. మనసు విప్పి చెప్పాలంటే నాకు ఆ పళ్లేలు అతని నెత్తిన కొట్టాలనిపిస్తుంది. అతను రకం చూడటానికి లోపలి గోడౌన్‌లోకి పోయాడు. అనంతమ్మ నెమ్మదిగా వచ్చి అమల ముందున్న స్టూలు మీద కూర్చుంది.

సంచిలోంచి ఒక సొట్టపడ్డ చెంబు తీసి బల్లమీద పెట్టింది. “గీ పేరే బిడ్డా. ముంగట కీర్తిశేషులు అని పెట్టాలె.”

‘అమల, తాండూరు.’ ఆ చెంబును తల్లీకూతుళ్లు చెరో వైపు పట్టుకుని ఉన్నారు.

లోపల ఉన్నవాడు ఏ నిమిషానైనా బయటికి వస్తాడు. ఇప్పుడు నోరు విప్పితే ఇన్నాళ్లు దాచుకున్న ప్రాణం బయటపడుతుంది. మళ్లీ ఆ ఇల్లు, ఆ గనులు. అమలకు అవన్నీ తెలుసు. తెలిసే, పోతే పోయింది ప్రాణం, అమ్మ నన్ను చూస్తే చాలనుకుంది. ముఖం ఎత్తి, ముసుగు జార్చి, తల్లి కళ్లలోకి చూసింది.

అనంతమ్మ కూడా చూసింది. చూపు గడ్డం మీద ఆగింది. చెయ్యి చాచి ఆ మచ్చను ముట్టుకుంది.

“ఇదెట్లయింది బిడ్డా?”

తాళం కప్ప అని చెప్పడానికి అమల నోరు తెరిచింది. “చిన్నప్పుడు కుడితి తొట్టి మీద పడ్డ” అంది. అన్నది తానే. అంటుండగానే ఆ రాతి చల్లదనం గడ్డానికి తగిలింది. మైసయ్య పరుగున వచ్చి ఎత్తుకోవడం, మాణిక్యమ్మ పసుపు అద్దడం కళ్లకు కట్టాయి. తాళం కప్ప ఎట్లా ఉండేదో మాత్రం గుర్తు రాలేదు.

అనంతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యిని అమల రెండు చేతులతో పట్టుకుంది.

“అమ్మా. నేనే. నేను అమలను.”

అనంతమ్మ ముందుకు వంగింది. చాలాసేపు చూసింది. కొడుకుల్లేని మనిషి, ఉన్న ఒక్క కూతురికి కర్మ చేయడానికి వచ్చిన మనిషి, ఎంత ఆశతో చూసి ఉంటుందో అనుకోండి. ఆమె ముక్కుపుటాలు అదిరాయి. ఆ ఒంటి మీద పాలవాసన, పేడవాసన, పాత ఇనుప పెట్టె వాసన, ఎవరో పెట్టిన కొబ్బరినూనె. అనంతమ్మ స్టూలు వెనక్కి పడిపోయేలా లేచి, చెయ్యి విదిలించుకుంది.

“ఏం పాపం చేసిన్నని నాతోని గిట్ల పరాచికమాడుతున్నవు?” అంది. “నీకూ తల్లి ఉంటది కదా.”

చప్పుడు విని జగదీశ్వర్ బయటికి వచ్చాడు. ఏమైందని అత్తను అడిగి, అమలను చూసి గుర్తుపట్టాడు. నువ్వు పురానాపూల్ పాల మైసయ్య బిడ్డవు కదా చెల్లె, ఆ రోజు మీ ఇంటికి వచ్చింది నేనే, అన్నాడు. సేఠ్ ఔను మా పూజితే, రాత చూడండి ఎంత బాగుంటుందో అన్నాడు. అత్తకు బిడ్డ పోయినప్పటి నుంచి మతి నిలకడ లేదని, ఏమీ అనుకోవద్దని జగదీశ్వర్ ఆమెకే సర్దిచెప్పాడు. అతని గొంతులో చాలా మర్యాద ఉంది. ఈ లోకంలో అతని వల్ల ఏ ముప్పూ లేని ఆడది ఒకతే ఉంటే, అది ఆ క్షణాన అమలే.

పళ్లేలు తెచ్చి ముందు పేర్చారు. చేయాల్సిన పని అది. అమల మిషను తీసుకుంది. కీర్తిశేషులు అని రాసింది. తర్వాత కోడి కెలికినట్టు, వంకరగా, తన పాత రాతలో తన పేరు రాయాలని చూసింది. అమ్మ ఆ వంకరను గుర్తుపట్టకపోతుందా? చెయ్యి బిగబట్టి, పళ్లు బిగబట్టి రాసింది. అక్షరాలు గుండ్రంగానే పడ్డాయి.

అనంతమ్మ మొదటి పళ్లెం ఎత్తి, పేరు మీద వేలితో తడిమింది. కోపం దిగిపోయింది, కళ్లు నిండాయి.

“మంచిగ రాసినవు బిడ్డా. మా పిల్ల రాత గింత మంచిగ ఉండకపోయేది” అంది. పోతూ పోతూ, తప్పుగా మాట్లాడితే మనసులో పెట్టుకోవద్దని, అమల తలమీద చెయ్యి పెట్టింది. పరాయి పిల్ల తలమీద పెట్టినట్టు, పైపైన. ఆటో కదిలి, హమాలీల బండ్ల మధ్య నుంచి సందు మలుపు తిరిగింది. చెంబు కూడా వాళ్లతోనే పోయింది.

సాయంత్రం దుకాణం కట్టేశాక అమల నడిచి పురానాపూల్ వైపు వచ్చింది. గల్లీ మొదట్లోనే ఖాన్ సాబ్ పూజితా అని పలకరించాడు. ఇస్త్రీ బండివాడు పక్కకు జరిగి దారిచ్చాడు. మాణిక్యమ్మ మెట్ల మీంచి, ఇంత ఆలస్యమైందేమని కోప్పడింది. కొట్టంలో దూడ, తోలు కప్పి అలవాటు చేసిన ఆ బర్రె పొదుగు కింద తోక ఆడిస్తూ పాలు తాగుతోంది. అవతలి మూల ఖాళీగా ఉంది. ఎండిన బర్రెను మైసయ్య పొద్దునే సంతకు తోలాడు.

శారదమ్మ గడపలో నూనెగిన్నె పెట్టుకుని కూర్చుని ఉంది. ముందు కూర్చోబెట్టుకుని, జడ విప్పి, మాడు మీద ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చింది. ఈసారి తల అడ్డంగా ఊపలేదు. ఆమె ముసలి మొహంలో ముడతలన్నీ ఒక్కసారి సడలాయి.

“వచ్చినవా బిడ్డా?” అంది.

“వచ్చిన అమ్మా” అంది పూజిత.